రేనాటి నరసింహారెడ్డి: పాటలోని కథ, కవిలెలోని లెక్క

ఈ రజతోత్సవ సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి యిమ్మని గ్రంథాలయ సంఘమువారు నన్నడిగినప్పుడు, శ్రీ రాఘవేంద్రస్వామివారి చరిత్రమునే వ్రాయుదునని తలచియుందురు. మంత్రాలయవాసికి అది సహజమే. కాని స్వామివారినిగూర్చి వ్రాయదగిన పండితులు మఠమునందు పెక్కుమంది కలరు. నేను గ్రామ లెక్కలతో ప్రొద్దు పుచ్చువాడను. భారత భాగవతములు గురువునొద్ద చెప్పుకొన్నవాడను కాను; పగలు అడంగలు వ్రాసి, రాత్రి నిఘంటువు ప్రక్కన పెట్టుకొని నాకు నేనే చదువుకొన్నవాడను. అంకెలన్నను, పాటలన్నను నాకు ప్రీతి. ఆ రెండును ఒక మనుష్యుని విషయమున కలహించుట చిన్ననాడే చూచితిని. ఆ మనుష్యుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి.

మా తాతగారి కాలమున శ్రావణ బహుళ విదియనాటి ఆరాధనకు నలుమూలలనుండి యాత్రికులతోపాటు పాటగాండ్రును వచ్చెడివారు. కన్నడ దేశమువారు తుంగభద్ర దాటి వచ్చి తమ పదములు పాడుదురు. తూర్పుననుండి బుడిగజంగములు తంబురతో, గుమ్మెటలతో వచ్చి వీథి అరుగులపై కథ చెప్పుదురు. ఒక యేడు మా యింటి అరుగుపైన ఒక ముసలి జంగము నరసింహారెడ్డి కథ నెత్తుకొనెను. ఇరుప్రక్కల ఇద్దరు స్త్రీలు గుమ్మెటలు వాయించుచు తందాన యనుచుండిరి. కథ కోయిలకుంట్ల ఖజానా దగ్గరకు వచ్చుసరికి ఆ ముసలివాడు ఒక్క క్షణ మాగి, లోపలి గది వంక చూచెను. అక్కడ మా తాతగారు కవిలెకట్టలు ముందు వేసికొని కూర్చుండియుండిరి. ఖజానా గుమాస్తాలను, లెక్కలు వ్రాయువారిని ఆ పాట యెంత మాత్రము మన్నింపదు. కరణము అరుగుపై కూర్చుండి కరణములను తిట్టుట యెట్లని వానికి సంకోచము కలిగినది. మా తాతగారు తల యెత్తకయే, ఒక్క మాటయు విడువక పాడుమనిరి. పాట ముగిసిన పిదప వానికి రెండు శేర్ల జొన్నలకు బదులు నాలుగు శేర్లు కొలిపించిరి. ఎందులకని నే నడుగగా, పాటలోని తిట్టు మనకు రావలసినదే యనియు, అయినను మన లెక్కలలో మిగిలినది ఆ పాటలో లేదనియు చెప్పిరి. ఆ మాటకు అర్థము నాకు చాలకాలము తెలియలేదు.

నరసింహారెడ్డి పుట్టిన సీమను రేనాడందురు. ఎఱ్ఱమల నల్లమల కొండల నడుమ కుందూనది పారు నల్లరేగడి నేల యది. జొన్న పండును, వాన తప్పినచో మనుష్యులే యెండుదురు. తెలుగు భాషలో మనకు దొరికిన మొట్టమొదటి శాసనముగా పండితులు చెప్పు కలమళ్ళ శాసనము, క్రీస్తుశకము 575 ప్రాంతమున ఈ రేనాటి చోళులు వేయించినదే. కాబట్టి పాటకును వ్రాతకును అక్కడ కరవు లేదు.

ఆయన తండ్రి ఉయ్యాలవాడ పెదమల్లారెడ్డి. తల్లి వైపు తాత నొస్సము పాలెగాడైన జయరామిరెడ్డి. ఈ తాతకు మగసంతానము లేకపోవుటచే దౌహిత్రుడైన నరసింహారెడ్డినే పెంచుకొనెనని చెప్పుదురు. ఇరువైపులను పాలెగాండ్ర వంశములే. విజయనగర రాజుల నాడు పాలెగాడనగా సీమను కాచువాడు, సేనను నిలుపువాడు, పన్ను వసూలు చేయువాడు. రాజ్యము పోయినను పాలెగాండ్రు మిగిలిరి. మంచివారు కొందరు, కొల్లగాండ్రు కొందరు. అందరిని దేవతలను చేయుట నా వంటి లెక్కలవానికి తగదు.

1800వ సంవత్సరమున నైజాము నవాబు తన సైన్యపు ఖర్చుల క్రింద ఈ సీమను కుంఫిణీవారికి ఒప్పగించెను. అందువలననే మన జిల్లాలకు దత్తమండలములని పేరు వచ్చినది. అప్పటి ప్రధాన కలెక్టరు తామస్ మన్రో. ఈ మన్రోదొరను మంత్రాలయములో ఎరుగనివారు లేరు. మఠము మాన్యమును గూర్చి విచారింప వచ్చి బృందావనమునుండి స్వామివారి పలుకులు విని, మాన్యమును నిలిపి పోయెనని మన ఐతిహ్యము. 1827లో పత్తికొండలో వాంతిభేదితో మరణించువరకు ఈ సీమ ప్రజలు ఆయనను మన్రోలయ్య యని పిలుచుకొనిరి. బిడ్డలకు ఆ పేరు పెట్టుకొన్నవారును కలరు. ఆ మన్రోయే తూర్పున పాలెగాండ్ర కోటలను పడగొట్టించి, వారి సేనలను చెదరగొట్టి, భూములు తీసికొని, నెలకింతయని భరణము కట్టినవాడు. ఒకే చేతితో వ్రాసిన రెండు లెక్కలివి. మనవైపు పుటలో మాన్యము నిలిచినది. రేనాటి పుటలో పాలెము పోయినది. నాడు మన ఆదవాని తాలూకా బళ్లారి జిల్లాలో నుండెను, కోయిలకుంట్ల కడప జిల్లాలో నుండెను. మనము కర్నూలు జిల్లాలోనికి వచ్చినది 1953లో. వారు 1858లో కర్నూలు జిల్లాలో చేరి, 2022లో నంద్యాల జిల్లాకు పోయిరి. కలిసి యున్నది తక్కువ కాలమైనను కథ మాత్రము ఒక్కటియే.

ఆ భరణమును తవర్జీ యనెడివారు. ఉయ్యాలవాడ వంశమునకు కట్టిన తవర్జీ నెలకు 70 రూపాయలు. ఇక్కడ నొక్క క్షణము చదువరులు నాతో లెక్క చేయవలెను. పెదమల్లారెడ్డికిని ఆయన తమ్మునికిని చెరి సగము: అనగా 35 రూపాయలు. ఆ 35 రూపాయలు అన్నదమ్ములు మువ్వురకు పంచబడెను. ముప్పదియైదు రూపాయలకు 560 అణాలు. మూటితో భాగింపగా 186 అణాలు వచ్చి 2 అణాలు మిగులును. ఆ రెండణాలకు పాతలెక్కలో 24 పైసలు. తలా 8 పైసలు. కనుక నరసింహారెడ్డి వంతుకు వచ్చినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఏ కొలువుకూటమున ఆయన తాతలు సీమకంతకు తీర్పు చెప్పిరో, ఆ యింటి పిల్లవాడు నెలనెలా ఖజానాకు మనిషిని పంపి, పైసలతో సహా లెక్క పెట్టించుకొని తెప్పించుకొనవలసి వచ్చెను. గుమాస్తా ఆ పైసలను ఎంత శ్రద్ధతో భాగించెనో చూడుడు! ఒక్క పైస తప్పలేదు. మా తాతగారు లెక్కలలో మిగిలినది యన్నది ఇదియేనని నే నిప్పుడనుకొందును.

నరసింహారెడ్డి ఒక్కని బాధయే అయినచో ఇది ఒక యింటి కథగా ముగిసెడిది. కాని ఆయన చుట్టు నున్నవారు అంతకన్న చెడియుండిరి. పూర్వము ఊరికి కావలి కాచు కట్టుబడివాండ్రకు, బోయలకు సేవకు ప్రతిఫలముగా మాన్యములుండెను. జీతము డబ్బులో గాక మన్నులో నుండెడిది. కుంఫిణీవారు కావలిని తమ పోలీసులకు అప్పగించి, సేవ లేదు గనుక మాన్యమేల యని ఒక్కొక్కటిగా కలిపివేసికొనసాగిరి. బ్రతుకుతెరువు పోయిన ఆ కట్టుబడివాండ్రు తమ పాత పాలెగాని యింటికి వచ్చిరి. ఆ మాన్యములు కొట్టివేసిన పుస్తకములను వ్రాసినది దొరలు కారు. దొరలు సంతకము చేసిరి. వ్రాసినది మన కలములే. ఏ సర్వే నెంబరులో ఎవనికెంత యున్నదో దొరకేమి తెలియును? పాట లెక్కలవానిని తిట్టుటలో అన్యాయము లేదని ఆనాడు మా తాతగా రొప్పుకొన్నది ఇందువలననే కావచ్చును.

1846వ సంవత్సరము జూన్ నెలలో నరసింహారెడ్డి తన మనిషిని తవర్జీకై కోయిలకుంట్ల ఖజానాకు పంపెను. తహసీల్దారు సొమ్మీయక, యజమానినే రమ్మని అవమానించి పంపినట్లు చెప్పుదురు. పాటగాండ్రు ఈ ఘట్టమును గంటసేపు పెంచుదురు. జూలై 10వ తేదీన నరసింహారెడ్డి వచ్చెను. ఒంటరిగా కాదు, ఐదువందల మంది బోయలతో. వడ్డె ఓబన్న యను వీరుడు ఆయనకు కుడిభుజము. ఖజానా కావలివాండ్రను చంపి, ఉన్న సొమ్మును పట్టుకొని పోయిరి. తహసీల్దారునకు పాట విధించిన శిక్షను చిన్నపిల్లలు చదువు సంచికలో వ్రాయను.

పోయిన సొమ్మెంత? పాటను బట్టియైనచో బండ్లకొలది వరహాలు. లెక్కను బట్టి 805 రూపాయల 10 అణాల 4 పైసలు. నే నొకనాడు ఊరక ఈ మొత్తమును ఆయన నెలసరి తవర్జీతో భాగించి చూచితిని. ఇంచుమించు ఐదేండ్ల తొమ్మిదినెలల తవర్జీకి సరిపోయినది. ఒక ప్రభుత్వముతో కయ్యమునకు అది యెంతటి ధనము! ధనము కొఱకు పోయినవాడైనచో ఆదిత్యవారపు సంతనో, షావుకారు యింటినో కొట్టియుండును. ఆయన ఖజానాకు పోయెను. తన పేరు ఏ పుస్తకములో పైసలతో వ్రాయబడియుండెనో, ఆ పుస్తకము గల చోటికి పోయెను. ఇది నా యూహ. కాని ఇరువది యేండ్లుగా తలచినను నాకు వేఱొక సమాధానము తోచలేదు.

తరువాతి కథ వేగముగా నడచినది. తిరుగుబాటు కోయిలకుంట్లతో ఆగక తూర్పుగా గిద్దలూరు వైపునకును ప్రాకెను. కడప కలెక్టరు కాక్రేను సైన్యములను రప్పించెను. గిద్దలూరు ప్రాంతమున జూలై నెలలోనే యొక పోరాటము జరిగెను. వర్షాకాలమగుటచే రేగడి నేలలో గుఱ్ఱపుదండు కదలుట కష్టము. కొండలెరిగిన బోయలకు, చెంచులకు అదియే బలము. తలకు వెల కట్టిరి. ఊరూర అనుమానితులను పట్టిరి. నల్లమలలో కొన్నాళ్ళు, ఎఱ్ఱమలలో కొన్నాళ్ళుగా దాగుచు తిరుగుచు అనుచరులు తగ్గి, తుదకు ఆయన స్వగ్రామమునకు దూరము గాని పేరుసోముల దగ్గరి జగన్నాథకొండకు చేరెను. అక్టోబరు 6వ తేదీన సైన్యము ఆ కొండను చుట్టుముట్టి ఆయనను పట్టుకొనెను. కోయిలకుంట్ల ఖజానా నాటినుండి ఎనుబది యెనిమిది దినములు.

ఇక్కడ పాటకును లెక్కకును పెద్ద తగవు కలదు. కొందరి పాటలో అన్నములో మత్తు కలిపించిరి. కొందరి పాటలో నమ్మినవారే తుపాకిని తప్పించిరి. ఏది యెట్లున్నను, ఆయన కత్తికి ఓడెనని మాత్రము ఏ పాటగాడును ఒప్పుకొనడు. నేను మొదట దీనిని పామరుల అతిశయోక్తియని నవ్వుకొంటిని. తరువాత ద్రోణపర్వము చదివితిని. అభిమన్యుడు ఒంటరిగా నుండగా ఆర్గురు కమ్మిరి; కర్ణుడు కవచకుండలములు దానమిచ్చి, రథచక్రము క్రుంగగా పడెను. బొబ్బిలి కథ చూడుడు: 1757 జనవరిలో కోట పడినది ఫిరంగులకే యైనను, పాట వినినవానికి గుర్తుండునది బుస్సీ దొరకు చెప్పబడిన చాడీలు, తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును పొడిచి పగతీర్చుకొనుట. మన తూర్పు గ్రామములలో పీర్ల పండుగనాడు హిందువులు, ముసల్మానులు కలిసి గుండము చుట్టు తిరుగుచు పాడు హసను హుసేనుల పదములలోనైనను కరబలా మైదానములో నీరు దొరకకుండ చేయుటయే దుఃఖమునకు మూలము. బలము చాలక ఓడినవానిని గూర్చి ఏడ్చుటకు జనులకు మనసొప్పదు. అందులకే మోసమును వెదకుదురు. వ్యాసుని వద్ద నేర్చిన విద్యయో, వ్యాసుడే వీరివద్ద నేర్చెనో చెప్పజాలను.

అయితే ఈ రీతిలో ఒక ప్రమాదము కలదు. మోసగాడెవడని వెదకుచు జనులు ఏదో యొక పేదవాని పేరు పట్టుకొందురు. వంటచేసినవారో, పాలు తెచ్చినవారో ఆ పాటలో శాశ్వతముగా ద్రోహులైపోవుదురు. కలెక్టరు కట్టిన వెల, చుట్టుముట్టిన పటాలము, ఇండ్లు గాలించిన పోలీసులు మఱుగున పడుదురు. సైన్యము ఊరిలో దిగి మూడు నెలలు కూర్చున్న తరువాత ఒక మనుష్యుడు దాగుటకు చోటు మిగులదు. దానికి ద్రోహి యొకడు తప్పక యుండవలెనని లేదు. పాట నెంత ప్రేమించినను ఈ యొక్క విషయమున నేను కవిలెకట్ట వైపే నిలుతును.

పట్టుబడినవాడు ఆయన యొక్కడే కాడు. తొమ్మిదివందల మందికి పైగా అభియోగములు మోపబడెను. వారిలో చాలమందిపై నేరము నిలువలేదు. నూరు మందికి పైగా శిక్షలు పడెను. కొందరిని సముద్రముల కావలికి పంపిరి. వారెవరు? బోయలు, వడ్డెరలు, కట్టుబడివాండ్రు. వారి పేర్లు పాటలో లేవు. ఓబన్న వంటి ఒకరిద్దరు తప్ప తక్కినవారు తందాన యను గుంపులో కలిసిపోయిరి. విచిత్రమేమనగా, ఆ పేర్లు ఎక్కడనైన మిగిలియుండినచో అది శత్రువుల దస్తరములలోనే. ఫలానావాని కుమారుడు, ఫలానా గ్రామము, ఇన్ని యేండ్ల ఖైదు అని ఏ గుమాస్తాయో వరుసగా వ్రాసియుండును. మాన్యము కొట్టివేసిన జాతి కలమే ఈ పేర్లను కాపాడినది.

1847 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయమున కోయిలకుంట్లలో జుర్రేరు ఒడ్డున నరసింహారెడ్డిని ఉరితీసిరి. చూడవచ్చినవారు రెండువేలకు మించిరని చెప్పుదురు. అప్పటికి సిపాయిల తిరుగుబాటు రావలెనన్న ఇంకను పదియేండ్లు కలదు. ఇటీవల 2019లో వచ్చిన చలనచిత్రములో ఆయనను దేశమంతటి స్వాతంత్ర్యమునకు తొలి సేనానిగా చూపిరి. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టిరి. సంతోషమే. కాని ఆ చిత్రము చూచి వచ్చిన మా వీథి పిల్లలను నెలకు పదునొకండు రూపాయల పదియణాల యెనిమిది పైసల సంగతి అడుగగా ఒక్కనికిని తెలియదు. దేశము కొఱకు చచ్చెననుట గొప్ప మాటయే. తనకును, తన్ను నమ్మిన కావలివాండ్రకును రావలసినదానిని అడుగబోయి, ఇయ్యక అవమానింపగా వెనుదిరుగక చచ్చెననుట నాకు దానికన్న చిన్నదిగా తోచదు.

పాటలను గూర్చి మఱియొక మాట. తంగిరాల వెంకటసుబ్బారావుగారు ఊరూర తిరిగి ఈ కథాగేయములను సేకరించి, రేనాటి సూర్యచంద్రులు అను గ్రంథముగా చేసిరి. అందులో సూర్యుడు నరసింహారెడ్డి. చంద్రుడు అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి. ఈయన 1866 నాటి కరవులో వేలకొలది జనులకు గంజి పోసి బ్రతికించిన దాత. ఒకే ఊరిలో ఒకడు ఖజానాను కొట్టెను, ఒకడు తన గాదెలను తెరచెను; ఇద్దరిని ఒకే కోలాటపు గుంపు పాడుకొనుచున్నది. మొదటివానిని చంపిన ప్రభుత్వమే రెండవవానికి విక్టోరియా రాణి పేర బంగారు పతకమిచ్చెను. పాటగాండ్రకు ఇందులో చిక్కేమియు కనబడదు. తాళము ఒక్కటే, వరుస మారును, అంతే.

మన గ్రంథాలయములో పురాణములకు ఒక బీరువా, నవలలకు రెండు బీరువాలు కలవు. మా అరుగుపై పాడిన ఆ ముసలి జంగము పాటను నేనానాడు వ్రాసికొనలేదు. మా తాతగారును వ్రాసికొనలేదు. ఆ యింటిలో కాగితమునకును కలమునకును కొదవలేదు. 1984లో కరణీకములు రద్దయి కవిలెకట్టలు అటకపైకి పోయినవి. వానలో తడిసినవి తడియగా మిగిలినవి ఈనాటికిని నా వద్ద కలవు. వాటిలో ఎవని బఱ్ఱె ఎవని చేను మేసెనో కూడ దొరకును. ఆ పాటలోని ఒక్క చరణమును దొరకదు. చెవిలో మాత్రము గుమ్మెట మ్రోతయు, ఖజానా ఘట్టమున అతడాగిన ఆ క్షణమును నిలిచినవి.

ఉరితీసిన తరువాత నరసింహారెడ్డి తలను కోయిలకుంట్ల కోట బురుజుపై వ్రేలాడదీసిరి. మఱియొకడు తిరుగబడకుండ నుండుటకు చేసిన పని యది. 1877 వరకు, ముప్పది యేండ్లు, అది అక్కడనే యుండెనని చెప్పుదురు. అనగా ఖజానాకు పన్ను కట్టవచ్చిన రైతు, తవర్జీకి వచ్చిన పాతవంశమువాడు, ఉరినాటికి పుట్టని పిల్లలు, వారి పిల్లలు, అందరును దాని క్రిందుగా నడచి పోయిరి. తల దిగిన ఆ యేడు ధాత కరవు. కర్నూలు సీమలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీయై, ఆకులలములు తిని, తల్లులు బిడ్డలను దారిలో వదలి పోయిన కాలమది. ఆ కరవులో బ్రదికి బయటపడినవారు వెంట తెచ్చుకొన్న సామాను బహు కొంచెము. నరసింహారెడ్డి పాట అందులో నుండెను.